పిడుగు పడింది తాటిచెట్టు మీద, కాలింది మోటరు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గాలిదుమారాలు మొదలైన దగ్గర్నుంచి మాకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిడుగుల గురించే. ఒకే సంగతి నలుగురు అడిగిన చోట వివరంగా రాసిన ఉత్తరం ఒక్కటే తీసుకున్నాం. ఊరి పేరు మాత్రమే వేశాం.

ప్రశ్న: నర్సంపేట దగ్గర మా బాయికాడ 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు ఉన్నది. మొన్నటి గాలివానకు పిడుగు మా లైను మీద పడలేదు, 300 మీటర్ల అవతల తాటిచెట్టు మీద పడ్డది. తెల్లారి మోటరు మంచిగనే నడిచింది. నాలుగో రోజు ఫ్యూజులు కొట్టేసి ఆగిపోయింది. పైకి తీసి చూసిన మెకానిక్ "లోపలికి నీళ్లు పోయినయి, పిడుగుకు సంబంధం లేదు" అంటున్నడు. స్టార్టర్ డబ్బాకు మసి కూడ అంటలేదు. పక్క పొలంలో ఒడ్డు మీది మోనోబ్లాక్ మోటరు బాగనే ఉన్నది. ఏది నిజం?

జవాబు: మీ మోటరు నీళ్లు నింపిన రకమైతే మెకానిక్ మాటలో ఒక తిరకాసు ఉంది. ఆ రకంలో నీళ్లు ఎప్పుడూ లోపలే ఉంటాయి, వైండింగు ఆ నీళ్లలోనే మునిగి నడుస్తుంది. తీగ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పొర ఒక్కటే రాగికీ నీటికీ మధ్య గోడ. కాబట్టి నీళ్లు లోపలికి పోవడం జబ్బు కాదు. నీళ్లు రాగిని తాకడం జబ్బు. ఆ పొరకు రంధ్రం ఎలా పడిందన్నదే అసలు ప్రశ్న.

పిడుగు తీగ మీదే పడాలని లేదు. అది నేలకు దిగేటప్పుడు చుట్టూ విద్యుత్ క్షేత్రం ఒక్కసారిగా మారిపోతుంది, దగ్గర్లో ఉన్న ప్రతి పొడవాటి తీగలోనూ వోల్టేజి పుడుతుంది. 30 కిలోఆంపియర్లు అంటే పిడుగుల్లో మధ్యరకం. అలాంటిది 6 మీటర్ల ఎత్తున్న ఎల్‌టీ (మోటర్లకు, ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజి) లైనుకు 300 మీటర్ల దూరంలో పడితే, లెక్క ప్రకారం ఆ తీగ మీద సుమారు 23 కిలోవోల్టులు లేస్తుంది. ఇది కరెంటును బాగా పట్టే నేల అనుకుని వేసిన లెక్క, ఎండిన చెల్కలో ఇంకా పెరగొచ్చు. న్యూట్రల్ ఎర్తులూ ఆ లైను మీది మిగతా మోటర్లూ కొంత పంచుకోగా తగ్గేది తగ్గుతుంది. అయినా 415 వోల్టుల మోటరు దాకా కొన్ని కిలోవోల్టులు రావడంలో ఆశ్చర్యం లేదు.

వచ్చిన అల వైండింగు అంతటా సమానంగా పంచుకుపోదు. రోజూ నడిచే 50 హెర్ట్జ్ కరెంటుకు ప్రతి చుట్టూ తన వాటా వోల్టేజి మోస్తుంది. మైక్రోసెకన్లలో దూసుకొచ్చే అలకు కాయిల్ ఒక పొడవాటి తీగలా కనబడదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య, చుట్టుకూ బాడీకీ మధ్య ఉన్న కెపాసిటెన్సే (ఇన్సులేషన్‌కు అటూ ఇటూ విద్యుత్తును నిల్వ చేసే గుణం) దానికి దారి. అందుకే మొత్తం వోల్టేజిలో పెద్ద భాగం లైను వైపున్న మొదటి కొన్ని చుట్ల మీదే పడిపోతుంది. పిడుగుకు పోయిన మోటరు విప్పితే లీడు తీగ దగ్గరి చుట్లలో దెబ్బ కనిపించడం అందుకే. ఓవర్‌లోడుకు కాలిన వైండింగు అలా ఉండదు, మూడు ఫేజులూ ఒకే తీరున మాడిపోతాయి. రెండు ఫేజుల మీద నడిచి కాలితే కొన్ని కాయిళ్లు మాడి, కొన్ని కొత్తవాటిలా మిగులుతాయి. రీవైండింగుకు ఇచ్చే ముందు ఆ కాయిళ్లను మీ కళ్లతో చూడండి.

నాలుగు రోజులు ఎలా నడిచిందంటే, సర్జు (తీగలో ఒక్కసారిగా లేచే ఈ వోల్టేజి అల) చేసింది సూదిమొన అంత రంధ్రం. సర్జు ఆయుష్షు మైక్రోసెకన్లు, తీగను కాల్చేంత సమయం దానికి ఉండదు. ఆ రంధ్రంలోకి నీరు చేరి, లీకేజీ మెల్లగా పెరిగి, పక్కనున్న పొర కరిగి, చివరికి ఫ్యూజు కొట్టేసే దాకా వెళ్లింది. రంధ్రం పొడిచింది పిడుగు, కాల్చింది మన మామూలు కరెంటు.

స్టార్టర్ బతకడానికి కారణం గాలి. కాంటాక్టుల మధ్య గాలిలో సర్జు దూకినా మరుక్షణం ఆ గాలి మళ్లీ ఎప్పటిలా అయిపోతుంది. ప్లాస్టిక్‌కు, కాగితానికి, వార్నిష్‌కు ఆ వరం లేదు. ఇక పక్క పొలం మోనోబ్లాక్ ఎండిన సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉంది. మీ మోటరు బాడీ నీటిలో ఉంది, అంటే ఆ చుట్టుపక్కల అంతకంటే మంచి ఎర్తు లేదు. నేలకు దిగాలని చూసే సర్జుకు మీ వైండింగు దగ్గరి దారి అయింది.

ఇంకోసారి ఇలా అయితే మోటరు పైకి లాగకముందే ఒక పరీక్ష చేయించండి. ఎల్‌టీ ఫ్యూజులు తీసి, సప్లయి లేదని టెస్టరుతో చూసుకున్నాక, కేబులు కోర్లను స్టార్టర్ దగ్గర విప్పాలి. డైరెక్ట్ స్టార్టర్ అయితే 3, స్టార్-డెల్టా అయితే 6. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ బలాన్ని కొలిచే పరికరం) ఒక కొన కోరుకు, రెండో కొన ఎర్తుకు పెట్టి ఒక నిమిషం తిప్పాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. మన బోర్లలో ఎక్కువగా వేసేది హెచ్‌డీపీఈ పైపు, దానికి మెగ్గర్ తగిలిస్తే ఎప్పుడూ బ్రహ్మాండమైన రీడింగే వస్తుంది. ఇనుప కేసింగుకు, గీకి మెరిసేలా చేసిన చోట, తగిలించాలి. బోర్లో దించి ఉన్న మోటరుకు కేబులుతో కలిపి 2 మెగా ఓమ్‌లు దాటితే నిశ్చింత. అర నుంచి 2 మధ్య ఉంటే వాడుకోవచ్చు, కానీ నెలకోసారి చూస్తుండాలి. అర మెగా ఓమ్ లోపు వస్తే ఎక్కడో దెబ్బ తగిలినట్టే. 20 కిలో ఓమ్‌లకు కింద ఉంటే పైకి తీయక తప్పదు.

తీశాక ముందు చూడాల్సింది మోటరు కాదు, మోటరు లీడుకూ ఫ్లాట్ కేబులుకూ మధ్య జాయింటు. దాన్ని కోసి, మోటరును ఒక్కదాన్నే నీళ్ల డ్రమ్ములో ముంచి మెగ్గర్ వేయాలి. కేబులు కొనలు బయట ఉంచి మిగతాదంతా నీళ్లలో ముంచి మరోసారి వేయాలి. జాయింటు పోయిందని తేలితే రీవైండింగు ఖర్చంతా మిగిలినట్టే.

ఒక్క హెచ్చరిక. మెగ్గర్ బాడీకి లీకేజీ మాత్రమే చూపిస్తుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య పోయిన ఇన్సులేషన్ దానికి కనబడదు. మెగ్గర్ బాగుండి మోటరు వేడెక్కుతుంటే టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) మూడు ఫేజుల కరెంటు చూడండి. 5 హెచ్‌పీకి ఒక్కో ఫేజులో 8 నుంచి 9 ఆంపియర్లు ఉండాలి. ఒకటి మిగతా రెండింటికంటే బాగా ఎక్కువైతే మూడు తీగలనూ వరస మార్చకుండా ఒక్కో స్థానం జరిపి మళ్లీ చూడండి. ఎక్కువ కరెంటు మోటరు తీగతోపాటు జరిగితే దోషం మోటరుది, లైనుతోపాటు నిలిచిపోతే సప్లయిది.

రక్షణ సంగతి. మూడు ఫేజుల టైప్-2 సర్జ్ ప్రొటెక్టర్‌ను స్టార్టర్ డబ్బా పక్కనే బిగించుకోవచ్చు. అయితే దాని ఎర్తును ఎండిన గట్టు మీద మూరెడు చువ్వకు కట్టి వదిలేస్తే పెట్టిన డబ్బు దండగ. మోటరు నీటిలో ఉన్నప్పుడు ప్రొటెక్టర్ ఎర్తు కూడా ఆ నీటితోనే లోహానికి లోహం తగిలేలా కలవాలి. ఇనుప కేసింగు ఉంటే 8 గేజి జీఐ తీగతో, మెలికలు లేకుండా, నేరుగా దానికే బోల్టు చేయాలి. స్టార్టర్ డబ్బా ఎర్తు కూడా అక్కడికే తేవాలి. పీవీసీ కేసింగు అయితే మోటరు దించేటప్పుడే కేబులుతో పాటు ఒక ఎర్తు తీగను బాడీ బోల్టు దాకా దించాలి. తర్వాత గుర్తొస్తే మళ్లీ మోటరు లాగాలి.

ప్రశ్న: హన్మకొండలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదువుతున్నాను. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద ఉండే లైట్నింగ్ అరెస్టర్ మీద 9 కేవీ అని రాసి ఉంటుంది. లైను 11 కేవీ కదా, మరి రోజూ ఎందుకు కాలిపోదు? అరెస్టర్ ఉండి కూడా ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు పోతాయి?

జవాబు: 11 కేవీ (కేవీ అంటే కిలోవోల్టు) అనేది ఫేజుకూ ఫేజుకూ మధ్య. అరెస్టర్ ఉండేది ఫేజుకూ నేలకూ మధ్య, అక్కడ ఉండేది 6.35 కేవీ. 9 కేవీ అరెస్టర్ ఏడున్నర కేవీ వరకు ఎడతెగకుండా భరిస్తుంది. ఒక ఫేజు తెగి నేల మీద పడినప్పుడు మిగతా రెండూ నేలతో పోలిస్తే పైకి లేస్తాయి. న్యూట్రల్‌ను గట్టిగా ఎర్తు చేసిన మన లాంటి వ్యవస్థలో ఆ లేవడం 11 కేవీలో 80 శాతం లోపే, అంటే సుమారు 8.8. లైను ట్రిప్ అయ్యేలోపు ఆ కొద్దిసేపు తట్టుకోవడానికి 9 సరిపోతుంది.

లోపల ఉండేవి జింక్ ఆక్సైడ్ బిళ్లలు. మామూలు వోల్టేజికి వాటిగుండా పోయేది ఒక మిల్లీ ఆంపియర్ లోపు. పిడుగు వస్తే అవే బిళ్లలు 5 వేల ఆంపియర్లను నేలకు వదిలేస్తాయి. ఆ క్షణంలో అరెస్టర్ రెండు కొనల మధ్య మిగిలే వోల్టేజి 30 కేవీ లోపే. ట్రాన్స్‌ఫార్మర్ హెచ్‌టీ (11 కేవీ వైపు) వైండింగు తట్టుకోవాల్సిన పిడుగు పరీక్ష 75 కేవీ. 1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి ఎక్కి 50 మైక్రోసెకన్లకు సగానికి దిగే అలతో ఆ పరీక్ష చేస్తారు. అదే వైండింగును 50 హెర్ట్జ్ మీద ఒక నిమిషం పరీక్షిస్తే పెట్టేది 28 కేవీ మాత్రమే. ఒకే ఇన్సులేషన్‌కు రెండు అంకెలెందుకని తరగతిలో అడిగితే ఇలా చెప్పండి: ఇన్సులేషన్ తెగడానికి వోల్టేజి ఒక్కటే చాలదు, సమయం కూడా కావాలి. సమయం తక్కువైతే ఎక్కువ వోల్టేజిని మోస్తుంది.

30 ఎక్కడ, 75 ఎక్కడ! ఇంత తేడా ఉండి కూడా ట్రాన్స్‌ఫార్మర్ పోతోందంటే ఆ తేడాను మధ్యలో ఎవరో తింటున్నారన్నమాట. తినేది తీగ పొడవు. పిడుగు కరెంటు మైక్రోసెకనుకు 10 కిలోఆంపియర్ల చొప్పున పెరుగుతుంటే, ఒక మీటరు తీగ మీద సుమారు 10 కేవీ నిలుస్తుంది. తీగ ఎంత లావున్నా ఇది పెద్దగా తగ్గదు, ఎందుకంటే అడ్డుపడేది రెసిస్టెన్స్ కాదు, ఇండక్టెన్స్ (కరెంటు వేగంగా మారడాన్ని ఎదిరించే గుణం). పై క్రాస్ ఆర్మ్ మీద అరెస్టర్, మూడు మీటర్ల కింద ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి. లైను సర్జు అరెస్టర్ దగ్గర చీలి నేలకు దిగుతుంది. ఆ దిగే దారిలో ట్యాంకు స్థాయి దాకా ఉన్న మూడు మీటర్లూ లెక్కలోకి వస్తాయి. 30 కాస్తా 60 అయింది.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి. అరెస్టర్ ఎర్తు ఒక గుంతలోకి, ట్యాంకు ఎర్తు వేరే గుంతలోకి పోయి, పైన రెండింటికీ ఎక్కడా కలయిక లేదనుకోండి. అరెస్టర్ గుంత 20 ఓమ్‌లు ఉంటే, 5 కిలోఆంపియర్లకు ఆ గుంత మీద లేచేది 100 కేవీ. బుషింగ్‌కూ (తీగ ట్యాంకులోకి దిగే పింగాణీ గొట్టం) ట్యాంకుకూ మధ్య ఇప్పుడు 130. ఏ వైండింగు ఆగుతుంది? అరెస్టర్ కింది కొనను దగ్గరి దారిలో ట్యాంకు బాడీకి కూడా కలిపితే ఆ 100 కేవీకి ట్యాంకు కూడా పైకి లేస్తుంది, వైండింగుకు కనబడేది అరెస్టర్ దగ్గరి వోల్టేజి మాత్రమే. అరెస్టర్‌ను ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మీదే, బుషింగ్ పక్కనే బిగించే పద్ధతికి ఉన్న బలం ఇదే. మా అభిప్రాయంలో 11 కేవీకి అంతకంటే మేలైన ఏర్పాటు లేదు.

అరెస్టర్ కూడా చస్తుంది. సీలు పోయి లోపలికి చెమ్మ చేరడమే ఎక్కువసార్లు కారణం. డిస్‌కనెక్టర్ ఉన్న రకమైతే అడుగు భాగం ఊడిపోయి ఎర్తు తీగ గాలిలో వేలాడుతుంది. అలా కనిపిస్తే ఆ ఫేజుకు రక్షణ లేనట్టే. లైను క్లియర్ (సప్లయి ఆపి ఇచ్చే అనుమతి) తీసుకుని విప్పి 5 కేవీ మెగ్గర్‌తో చూస్తే వెయ్యి మెగా ఓమ్‌లకు తగ్గకూడదు.

ప్రశ్న: జనగామ దగ్గర మా ఊరి పొలాలకు ఉన్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ రెండేండ్లలో మూడుసార్లు కాలింది. ప్రతిసారీ "పిడుగు" అనే రాసుకుపోతున్నరు. ఒకసారైతే ఆ వారంలో ఉరిమింది కూడ లేదు. పైన అరెస్టర్లు బాగనే ఉన్నయి, అయినా హెచ్‌టీ కాయిలే పోయింది. ఎందుకు?

జవాబు: ఉరుము లేకుండా పడిన పిడుగును నమ్మకపోవడమే న్యాయం. ముందు మోటర్లు లెక్కపెట్టండి. 25 కేవీఏకి 433 వోల్టుల వైపు ఫుల్ లోడ్ కరెంటు 33 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటరు ఒక్కోటి 8 నుంచి 9 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే నాలుగో మోటరుతోనే ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయింది. దాని మీద ఆరు, ఏడు ఉన్నాయా? వాటిలో ఆటో స్టార్టర్లు ఎన్ని? కరెంటు పోయి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే లేస్తే, ఒక్కోటి ఫుల్ లోడ్‌కు ఐదారు రెట్లు లాగుతూ కొన్ని సెకన్లపాటు ట్రాన్స్‌ఫార్మర్‌ను పిండేస్తాయి. ఆ కుదుపుకు కాయిళ్లు కొద్దికొద్దిగా కదులుతాయి, కాగితం రాసుకుంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైనప్పుడే ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు. తీసినవాళ్లు తీశారు, తీయనివాళ్లు తీయలేదు.

ఓవర్‌లోడు చేసేది చప్పుడు లేని పని. వైండింగు మీద చుట్టిన కాగితం ఆయుష్షు, ఉండాల్సిన వేడి కంటే ప్రతి 6 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. కాగితం ముందు గట్టిదనం పోగొట్టుకుంటుంది, ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. కరెంటును ఆపే గుణం చివరిదాకా ఉన్నట్టే ఉండి ఒక్క కుదుపుతో పోతుంది.

ఇక నూనె. మంచి ట్రాన్స్‌ఫార్మర్ నూనెను శుద్ధి చేశాక 2.5 మిల్లీమీటర్ల ఖాళీలో 70 కేవీ దాకా తెగకూడదు. వాడుకలో ఉన్నదానికి 30కి తగ్గకూడదు. పరీక్షలో వోల్టేజిని సెకనుకు 2 కేవీ చొప్పున పెంచుతూ ఆరుసార్లు తెంపి సగటు తీస్తారు. 60, 22, 58, 25 ఇలా ఎగుడుదిగుడుగా వస్తే సగటు బాగున్నా సంతోషించకండి, నూనెలో నూగు తిరుగుతోందని అర్థం. కాగితం నుంచి రాలిన పీచు పొడిగా ఉంటే అంత హాని లేదు. చెమ్మ పీల్చిన పీచు విద్యుత్ క్షేత్రం బలంగా ఉన్న చోటికి ఈదుకుంటూ పోయి, కొన కొన కలిపి వంతెన కడుతుంది. ఆ వంతెన మీదుగానే కరెంటు దాటుతుంది. అంచేత నీరు ఒక్కటే లేదా పీచు ఒక్కటే ఉండటం కంటే రెండూ కలిస్తేనే ప్రమాదం.

చెమ్మ ఎక్కడిది? బ్రీతర్ ఉన్న రకమైతే పగలు వేడికి నూనె పొంగి గాలిని బయటికి తోస్తుంది, రాత్రి చల్లబడి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలి సిలికా జెల్ గుండా రావాలి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వాటి పని అయిపోయింది. బ్రీతర్ అడుగు గిన్నెలో నూనె లేకపోయినా అంతే. ఇంకో దారి రిపేరు షెడ్డు. కొత్తగా చుట్టిన కాయిళ్లను ఓవెన్‌లో బాగా ఆరబెట్టకుండా నూనెలో దించితే, కాగితంలోని నీరే తర్వాత నూనెలోకి వస్తుంది. మొదటిసారి కాలినదానికి పిడుగే కారణమై ఉండొచ్చు. రెండోది, మూడోది ఆరని రిపేరు వల్ల అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్‌కు చిన్న సర్జు వచ్చినా మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

అరెస్టర్లు బాగుండగా హెచ్‌టీ కాయిలే ఎందుకు పోయిందన్నది మీ ఉత్తరంలో మంచి పాయింటు. సర్జు పైనుంచే రావాలని లేదు, పొలాల మీదుగా పోయే ఎల్‌టీ తీగల నుంచి కూడా వస్తుంది. అప్పుడు పైనున్న అరెస్టర్లకు ఆ సంగతే తెలియదు. 11 వేల వోల్టులకు ఒక ఫేజు 250 వోల్టులు, అంటే చుట్ల నిష్పత్తి 44. ఎల్‌టీ వైండింగు మీదికి ఒక కిలోవోల్టు సర్జు ఎక్కితే, హెచ్‌టీ వైండింగు లోపల అది అనేక రెట్లుగా ప్రతిఫలిస్తుంది. దీనికి మందు ఎల్‌టీ బుషింగ్‌ల దగ్గర ఎల్‌టీ అరెస్టర్లు. ఖర్చు పెద్దది కాదు, పెట్టడమే అరుదు.

ఊరివాళ్లు చేయగలిగింది: ప్రతి మోటరుకూ 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెట్టుకోవడం, ఆటో స్టార్టర్లు తీసేయడం, ఎల్‌టీ ఫ్యూజులో రాగి తీగలు మెలేసి పెట్టకుండా ఉండటం, నూనె కారుతున్న చోటు, గులాబీ జెల్, వేలాడే అరెస్టర్ తీగ కనిపిస్తే ఫోటో తీసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పడం. లోడు ఎక్కువుంటే రెండో ట్రాన్స్‌ఫార్మర్‌కు దరఖాస్తు పెట్టండి. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ సప్లయి కోసే స్విచ్) మీరే లాగి దిమ్మె ఎక్కడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. మూడు బ్లేడ్లలో ఒకటి తెరుచుకోకుండా అతుక్కునే ఉండవచ్చు, కింద నుంచి చూస్తే తెరుచుకున్నట్టే ఉంటుంది. ఎల్‌టీ వైపు నుంచి ఎవరి జనరేటరో వెనక్కి కరెంటు పంపుతుండవచ్చు.

ప్రశ్న: వరంగల్‌లో కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. ఎంసీబీ, ఈఎల్‌సీబీ, ఏసీకి స్టెబిలైజర్ అన్నీ పెట్టిస్తున్నాం. ఇవి ఉండగా సర్జ్ ప్రొటెక్టర్ కూడా అవసరమా?

జవాబు: అవసరమే, ఎందుకంటే మీరు చెప్పిన మూడింటిలో ఏదీ పిడుగును ఆపదు. ఎంసీబీ ఎంత తొందరపడినా మిల్లీసెకన్లు పడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ మనిషి ప్రాణం కాపాడటానికి, అది కూడా పదుల మిల్లీసెకన్ల పని. స్టెబిలైజర్ రిలే ఇంకా నిదానం. సర్జు ఒక మిల్లీసెకను నిండకముందే వచ్చి వెళ్లిపోతుంది.

230/400 వోల్టుల వ్యవస్థలో మీటరు దగ్గరి సామాను 6 కేవీ, డిస్ట్రిబ్యూషన్ బోర్డు 4, ఫ్రిజ్ లాంటి ఇంటి వస్తువులు 2.5, సున్నితమైన ఎలక్ట్రానిక్స్ 1.5 కేవీ సర్జును తట్టుకునేలా ఉండాలన్నది ప్రమాణం. కాబట్టి ప్రొటెక్టర్ మీద చూడాల్సిన మొదటి అంకె, సర్జు వచ్చినప్పుడు అది మిగిల్చే వోల్టేజి, 1.5 కేవీ లేదా అంతకు తక్కువ ఉండాలి. ఇంటికి టైప్-2, నామినల్ 20 కిలోఆంపియర్లు, గరిష్ఠం 40 ఉంటే చాలు. మేడ మీద పిడుగు చువ్వ పెట్టిస్తే మాత్రం మెయిన్ దగ్గర టైప్-1 తప్పదు, చువ్వ ఎర్తునూ ఇంటి ఎర్తునూ కలపాలి.

రెండో అంకె, ఎడతెగకుండా భరించే వోల్టేజి. 275 వద్దు, 320 తీసుకోండి. మన దగ్గర ప్రొటెక్టర్‌ను చంపేది పిడుగు కంటే న్యూట్రల్ తెగడం. న్యూట్రల్ పోతే పక్కింటి లోడును బట్టి మీ ఫేజు 300, 350 దాటి 400 వైపు పోవచ్చు. అంత వోల్టేజి నిమిషాలపాటు ఉంటే 320 రకం కూడా మాడుతుంది. దానికి వేరే పరికరం ఉంది: 270 దాటగానే సప్లయి కోసేసే ఓవర్ వోల్టేజి ప్రొటెక్టర్. రెండూ పెట్టించండి, ఒకటి ఇంకోదాని పని చేయదు.

మన ఇళ్లకు సొంత ఎర్తు గుంత ఉంటుంది కాబట్టి సింగిల్ ఫేజుకు 1+1, త్రీ ఫేజుకు 3+1 అని రాసి ఉన్న రకం అడగండి. అందులో ఫేజులు న్యూట్రల్‌కు, న్యూట్రల్ ఒక్కటే ఎర్తుకు కలుస్తాయి. ఈఎల్‌సీబీకి ముందు, మెయిన్ స్విచ్ తర్వాత బిగించాలి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడాలి. ఫేజు నుంచి ప్రొటెక్టర్‌కు, ప్రొటెక్టర్ నుంచి ఎర్తు బారుకు మొత్తం అర మీటరు దాటొద్దు. ఎలక్ట్రీషియన్ తీగను అందంగా చుట్టలు చుట్టి బోర్డులో సర్దితే ఒప్పుకోకండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చెప్పిన తీగ పొడవు లెక్క ఇంట్లోనూ ఉంటుంది, కాకపోతే ఇక్కడి దాకా వచ్చే సర్జు చిన్నది కాబట్టి మీటరుకు సుమారు 1 కేవీ. ఒక మీటరు ఎక్కువైతే 1.5 కేవీ పరికరం పెట్టి లాభం లేదు. ప్రొటెక్టర్ మీది చిన్న కిటికీలో ఆకుపచ్చ రంగు పోయి ఎరుపు వస్తే లోపలి బిళ్ల మారుస్తారు. వర్షాకాలానికి ముందు ఒకసారి చూసుకుంటే చాలు.

డిష్ కేబులు, ఇంటర్నెట్ రాగి వైరు వేరే తలుపులు. వాటికి ప్రొటెక్టర్ లేకపోతే ఉరుములప్పుడు టీవీ ప్లగ్గుతోపాటు ఆ వైర్లు కూడా ఊడదీయాలి. ఫైబర్ వైరులో లోహపు తీగ లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు, రౌటర్ అడాప్టర్ ప్లగ్గు తీస్తే చాలు.

ప్రశ్న: రామగుండం వైపు మా ఊళ్లో చలికాలం పొద్దున్నే 11 కేవీ స్తంభం మీద చిటచిటలు, నీలం వెలుగు. వాన లేదు, మెరుపు లేదు. ఇది కూడా సర్జేనా?

జవాబు: కాదు. పింగాణీ మీద పట్టిన బూడిద, దుమ్ము రాత్రి మంచుకు తడిసి కరెంటు పాకుతోంది. పొడి దుమ్ము ఏమీ చేయదు, కుండపోత వాన దాన్ని కడిగేస్తుంది. మంచు తడిపి వదిలేస్తుంది, అందుకే చలికాలం పొద్దున. థర్మల్ బూడిద, గ్రానైటు క్వారీ పొడి, ఇటుక బట్టీల మసి ఉన్న చోట్ల ఇన్సులేటర్ ఉపరితలం వెంట పాకుడు దూరం ప్రతి కేవీకి 25 మిల్లీమీటర్లు ఉండాలి. 11 కేవీ వ్యవస్థలో అత్యధికం 12 కాబట్టి 300 మిల్లీమీటర్లు. అది తక్కువున్న పాత ఇన్సులేటర్లు మార్చాలి, ఉన్నవాటిని సప్లయి ఆపి తుడవాలి. స్తంభాన్ని, స్టే తీగను ముట్టుకోకండి, పశువులను కట్టకండి. చిటచిట ఒకే ఇన్సులేటర్ దగ్గర, ఎండలో కూడా వస్తుంటే అది దుమ్ము కాదు. పింగాణీలో సన్నని పగులు ఉంది, లోపలి పిన్ను దాకా కరెంటు పొడుచుకుపోతోంది. పైపైన దూకిన ఇన్సులేటర్ మళ్లీ పనికొస్తుంది, లోపల పగిలినది రాదు. కింద నుంచి కనబడకపోవచ్చు, ఏ స్తంభమో నంబరుతో చెబితే లైన్‌మన్‌కు వెతుకులాట తప్పుతుంది.

ప్రశ్న: పరకాల దగ్గర మాది ఎర్ర చెల్క. ఎర్తు గుంతలో ఎంత ఉప్పు, ఎంత బొగ్గు వేసినా ఎండాకాలం రీడింగ్ పెరిగిపోతున్నది. ఎట్ల?

జవాబు: ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, పోయే ముందు జీఐ పైపును తినేస్తుంది. 3 మీటర్ల పైపు తడి రేగడిలో 6 ఓమ్‌ల దాకా దిగుతుంది. అదే పైపు ఎండిన చెల్కలో 80 దాటొచ్చు. దోషం పైపుది కాదు, నేలది. ఒకే గుంతను లావు చేయడం కంటే రెండో పైపు వేయండి. మొదటిదానికి 6 మీటర్ల దూరంలో, అంటే పైపు పొడవుకు రెట్టింపు దూరంలో వేస్తే రెండూ కలిపి దాదాపు సగానికి తగ్గిస్తాయి. పక్కపక్కనే పాతితే ఒకే నేలను ఇద్దరూ పంచుకుంటారు, లాభం రాదు. ఉప్పు బదులు బెంటోనైట్ మట్టి నింపండి, అది చెమ్మను పట్టి ఉంచుతుంది. వీలైతే గుంతను బోరు నీరు పారే కాలువ పక్కన, ఎప్పుడూ తడి ఉండే చోట తీయండి. ఇనుప కేసింగు ఉన్న బోరు ఉంటే మీరు తవ్వే ఏ గుంతకంటే అదే మేలు. రీడింగ్ మాత్రం మే నెలలో తీయండి, వాన పడ్డ మర్నాడు తీసిన అంకెను నమ్ముకోకండి.